రెండో లైను

మా వదిన అమలాపురంలో మెడికల్ కోడింగ్ ఆఫీసు పెట్టిన కొత్తలో వీధిలోవాళ్ళు అదేదో ట్యూషన్ సెంటరనుకున్నారు. పొద్దున్న ఎనిమిదిన్నరయ్యేసరికి కొత్తపేట బస్సు, రాజోలు బస్సు, ముమ్మిడివరం ఆటో దిగిన అమ్మాయిలు క్యారేజీలు పట్టుకుని మేడెక్కేవారు. తలుపు దగ్గర ఫోన్లు లాకర్లో పెట్టి లోపలికి వెళితే మళ్ళీ భోజనాల వేళకే బయటికి రావడం.

చేసేది చిన్న పనేం కాదు. అమెరికాలో డాక్టరు రోగిని చూసి రాసుకున్న నోట్సు మొత్తం చదవాలి. ఆ జబ్బుకీ, చేసిన వైద్యానికీ సరైన కోడు వెయ్యాలి. షుగరుండి దానివల్ల వేరే ఇబ్బందులేవీ లేకపోతే ఇ11.9. మామూలు బీపీ అయితే ఐ10. 2015 అక్టోబరు నుంచి అక్కడ ఈ ఐసీడీ-10 కోడులే నడుస్తున్నాయి. ఒక్క అంకె తప్పితే ఇన్సూరెన్సు వాళ్ళు బిల్లు వెనక్కి కొడతారు. బీయస్సీలో బోటనీ, జువాలజీ చదివి, హైదరాబాదు పంపడానికి ఇంట్లో ఒప్పుకోక, సంబంధాలు కుదిరేదాకా ఖాళీగా కూర్చోవలసిన పిల్లలు ఈ పని నేర్చుకున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి తన జీతంతో వాళ్ళ నాన్న రొయ్యల చెరువు మీద చేసిన అప్పు తీర్చింది. సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మ చేతి అన్నం తినే ఉద్యోగం కోనసీమ ఆడపిల్లకి దొరకడమంటే ఏమిటో ఇక్కడ పుట్టినవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

పని ఇచ్చేది అమెరికాలో ఓ బిల్లింగ్ కంపెనీ. వాళ్ళ తరఫున హైదరాబాదులో ఒక మేనేజరుగారు ఉండేవారు. మర్యాదస్తుడు. ఏం మాట్లాడినా చివర మేడమ్ అనకుండా ఉండేవారు కాదు. షరతులు మాత్రం గట్టివి. రోగుల వివరాలు బయటికి పొక్కకూడదని అమెరికాలో 1996లో హిప్పా అనే చట్టం వచ్చింది. దాని ప్రకారమే ఆఫీసులో కాగితం, కలం కూడా ఉండకూడదన్నారు. కంప్యూటర్లకి పెన్‌డ్రైవ్ పెట్టే చోటు మూసేయించారు. ఇంటర్నెట్ లైనుకి ఉండే ఐపీ నంబరు వాళ్ళ దగ్గర ముందే రాయించుకుని, ఆ నంబరు నుంచి వస్తేనే లోపలికి రానిచ్చేవారు. ఇవాళ వచ్చిన ఫైలు రేపు ఈ వేళకి తిరిగి వెళ్ళిపోవాలి.

అమలాపురంలో ఇంటర్నెట్ లైనంటే స్తంభం మీద వైరే. మన జిల్లాల్లో ఫైబరు చాలాచోట్ల భూమిలో ఉండదు, కరెంటు స్తంభాలు పట్టుకుని పోతుంది. వాటి పక్కనే కొబ్బరిచెట్లు. మట్ట విరిగి పడినా, ఎత్తుగా లోడు వేసుకున్న లారీ సందులోకి తిరిగినా ఆఫీసు ఆగిపోయేది. 2021 వానాకాలంలో అలా రెండుమూడుసార్లు ఆగేసరికి మేనేజరుగారు ఫోన్ చేశారు.

"మా కంపెనీలో దేనికైనా రెండో దారి ఉండి తీరాలి మేడమ్. మీకూ ఒకటి పెట్టించండి. లైను పోతే మనిషి లేచి మార్చడం కాదు, దానంతటదే మారాలి."

అలా వచ్చాడు రావులపాలెం కుర్రాడు. నెట్‌వర్కింగ్ నేర్చుకుని ఆసుపత్రులకీ షాపులకీ ఈ పనులు చేసిపెడుతుంటాడు. వచ్చీ రాగానే వదిన ఊహించని ప్రశ్న వేశాడు.

"మీ లైను ఏ వంతెన మీంచి వస్తోందండి?"

ఇటు గౌతమి, అటు వసిష్ఠ, కింద సముద్రం. కోనసీమలోకి ఏం రావాలన్నా ఏదో ఒక గోదావరి దాటే రావాలి. రావులపాలెం దగ్గర జొన్నాడ వంతెనా, సిద్ధాంతం వంతెనా, ఎదుర్లంక వైపా, చించినాడ వైపా? ఇద్దరు వేరువేరు కంపెనీవాళ్ళ దగ్గర రెండు లైన్లు తీసుకున్నా, రెండూ ఒకే వంతెన మీంచి వచ్చి ఒకే స్తంభం మీద వేలాడితే అవి రెండు లైన్లు కావు, ఒకటే లైనుకి రెండు బిల్లులు అని వాడి వాదన. ఫైబరు ఇచ్చినవాళ్ళని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. పక్కన కుర్చీలో కూర్చున్న మా నాన్నగారు తలూపారు. "1996 నవంబరు 6 రాత్రి చూశాం కదరా. కరెంటు స్తంభం, టెలిఫోను స్తంభం, కొబ్బరిచెట్టు అన్నీ ఒకే గాలికి పడుకున్నాయి" అన్నారు. ఆ తుపాను చూసిన తరంవాళ్ళకి ఈ విషయం ఇంజనీరు చెప్పాల్సిన పని లేదు.

చివరికి మొదటి లైను ఫైబరు, రెండోది 4జీ సిమ్ము అని తేల్చారు. ఒకటి వైరు, ఒకటి గాలి. మామూలు సిమ్ము పనికిరాదట. వేలమంది ఒకే నంబరు వెనక ఉంటారు గనక అమెరికావాళ్ళకి రాయించి ఇవ్వడానికి సొంత నంబరుండదు. అందుకని వ్యాపార సంస్థలకిచ్చే, మారని నంబరున్న సిమ్ము తెప్పించాడు. రెండు నంబర్లూ మేనేజరుగారికి పంపి ఒప్పించుకున్నారు. తర్వాత రెండు లైన్లూ గుచ్చుకునే పెట్టె ఒకటి గోడకి బిగించాడు.

ఆ పెట్టె చేసే పని ఆ రోజు వింటుంటే నాకు నిజంగా ముచ్చటేసింది. వైరు గుచ్చి ఉందా లేదా అని చూసి ఊరుకోదు. వైరు గుచ్చే ఉంటుంది, దీపం వెలుగుతూనే ఉంటుంది, ఎక్కడో నాలుగు కిలోమీటర్ల అవతల దారి తెగి ఉంటుంది. అందుకని ప్రతి కొద్ది సెకన్లకీ ఊరికి చాలా దూరంలో ఉన్న సర్వరు ఒకదాన్ని పలకరిస్తుంది. అదొక్కటే పలకకపోతే లోపం దానిదే కావచ్చు గనక ఇంకో సర్వరునీ పలకరిస్తుంది. వరసగా మూడుసార్లు ఇద్దరూ పలకకపోతే అప్పుడు తీర్మానించుకుని అందరినీ రెండో లైను మీదికి మళ్ళిస్తుంది. అమ్మాయిలు మళ్ళీ ఒకసారి పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళితే చాలు. నంబరు మారింది కాబట్టి ఆ మాత్రం తప్పదన్నాడు.

వదిన అన్నీ రాసుకుంటోంది. కుర్రాడు రెండు సంగతులు అడిగాడు.

"రెండో లైను ఖాళీగా ఉంచకూడదండి. వాడని లైను ఎప్పుడు చచ్చిందో మనకి తెలీదు. రోజూ పనిలో పదోవంతు దాని మీంచి పోనిద్దాం. అప్పుడు బతికే ఉన్నట్టు మనకి తెలుస్తా ఉంటది."

"అలాగే. రెండోది?"

"ఫైబరు బాగయ్యాక ఏం చెయ్యమంటారండి? ఐదు నిమిషాలు ఆగి చూసుకుని, దాని మీదికి తిరిగొచ్చేలా పెట్టొచ్చు. కావాలంటే రెండో దాని మీద స్టెడీగా నడుస్తుంటే వెనక్కి మార్చకుండా కూడా పెట్టుకోవచ్చు. పెద్ద కంపెనీలు కొన్ని అలాగే చేస్తాయండి. అటూ ఇటూ మార్చిన ప్రతిసారీ ఓ కుదుపు ఉంటది కదా, ఎందుకొచ్చిన గొడవని."

వదినకి ఆ మాట నచ్చలేదు. "అదేం న్యాయం తమ్ముడూ! పాపం ఆ లైను తప్పేముంది? మట్ట పడింది, పోయింది. బాగయ్యాక దాని చోటు దానికివ్వాలి కదా. వెనక్కి రావలసిందే."

"ఆయ్" అన్నాడు కుర్రాడు. అలాగే పెట్టాడు.

ఆ తర్వాత నెలకో శనివారం భోజనాలకి ముందు వదినే స్వయంగా ఫైబరు వైరు పీకేది. అమ్మాయిలు లాకరు గది గుమ్మంలో నిలబడి చూసేవారు. పెట్టె మీద ఒక దీపం ఆరేది, ఇంకో దీపం వెలిగేది, ఎవరో ఒకరు లోపల్నించి "వచ్చిందండీ" అని అరిచేవారు. ఆ ఏడాది వానలకీ గాలులకీ నాలుగైదుసార్లు నిజంగానే ఫైబరు పోయింది. బయటివాళ్ళెవరికీ తెలియలేదు. ఒక్క ఫైలు ఆలస్యం కాలేదు. మేనేజరుగారు మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం అచ్చు తీయించి గోడకి పెట్టింది వదిన.

2022 సంక్రాంతి సెలవుల తర్వాత రోజూ వచ్చే ఫైళ్ళు కాస్త తగ్గాయి. ఎంతో కాదు, పదింట ఒకటి. అమెరికాలో కొత్త సంవత్సరం మొదట్లో ఇన్సూరెన్సులు మారుతుంటాయి, దానివల్లేమో అనుకుంది వదిన. మార్చి వచ్చినా అవి పెరగలేదు. పని మీద నమ్మకం ఉన్నవాళ్ళెవరూ అంత చిన్న తేడా గురించి అడగరు. ఆవిడా అడగలేదు.

ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా అయింది. అమలాపురం జిల్లా కేంద్రమైంది. మే 18న జిల్లాకి అంబేడ్కర్ గారి పేరు పెడుతూ, నెల్లోగా అభ్యంతరాలుంటే చెప్పమని ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. ఈ దేశానికి రాజ్యాంగం రాసిపెట్టిన మనిషి పేరు మా జిల్లాకి పెడితే అది మాకు గౌరవమని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. అలా అనుకోనివాళ్ళు మే 24, మంగళవారం రోడ్డెక్కారు. సాయంత్రానికి మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు మంటల్లో ఉన్నాయి. బస్సులు కాలిపోయాయి. నేను పుట్టి పెరిగిన ఊరు అది. పొగ చూసి ఏ వీధిదో చెప్పగలిగేంత దగ్గర.

వదిన మధ్యాహ్నమే అమ్మాయిలని పంపించేసింది. వాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు. క్యారేజీల్లో కూరలు మార్చుకుని తినేవాళ్ళు. ఆ రోజు ఎవరి వీధిలోకి ఎవరు క్షేమంగా వెళ్ళగలరో లెక్కవేసి జంటలు జంటలుగా పంపవలసి వచ్చింది. ఆవిడ మాత్రం మిగిలిన ఫైళ్ళు తనే పూర్తిచేద్దామని షట్టరు సగం దించి కూర్చుంది. చీకటి పడే వేళకి వీధి చివర స్తంభం కింద ఎవరో టైర్లు తగలబెట్టారు. మంట పైదాకా లేచి కేబుళ్ళు అంటుకున్నాయి. ఫైబరు పోయింది.

పెట్టె రెండో లైనుకి మారింది. వదిన పాస్‌వర్డు కొట్టి, మిగిలిన ఫైళ్ళన్నీ పంపేసి, అన్నీ చేరాయని చూసుకున్నాకే లేచింది. ఊరు అలా ఉన్న రాత్రి కూడా పని ఆగలేదని ఇంటికొచ్చి అన్నయ్యతో చెప్పింది.

ఆ రాత్రే ప్రభుత్వ ఉత్తర్వుతో మొబైల్ ఇంటర్నెట్ ఆగింది.

టెలికాం సేవలు ఆపడానికి 2017లో కేంద్రం నియమాలు పెట్టింది. నిరవధికంగా ఆపడం కుదరదనీ, ఉత్తర్వులు జనానికి తెలిసేలా ప్రచురించాలనీ 2020 జనవరి 10న అనూరాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాది నవంబరులో, ఒక ఉత్తర్వు 15 రోజులు దాటకూడదని నియమాల్లో చేర్చారు. పుకార్లు పాకకుండా ఆపాలన్నది అధికారుల మాట. ఆ రాత్రికి అది అర్థమవుతుంది. రోజులు గడిచేకొద్దీ మూల్యం కడుతున్నది నిప్పు పెట్టినవాళ్ళు కాదు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్ సంచులు తగిలించుకుని గోదావరి ఒడ్డున సిగ్నలు వెతుక్కున్నారు. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లి దాటినవాళ్ళున్నారు. యానాం పుదుచ్చేరి కిందిది. ఆంధ్రా ఉత్తర్వు అక్కడికి రాదు. ఎదుర్లంక వంతెన దాటి అక్కడ గది తీసుకున్నవాళ్ళున్నారు.

మా వదిన అమ్మాయిలకి ఆ దారి కూడా లేదు. రోగుల కాగితాలు గోదావరి గట్టు మీద కూర్చుని తెరవడానికి వీల్లేదు. రాయించిన రెండు నంబర్లలో ఒకటి కాలిపోయింది, ఒకటి ఆపేశారు. 144 సెక్షన్లో కేబుల్ వాళ్ళు నిచ్చెన వెయ్యడానికే భయపడ్డారు. గోడ మీద పెట్టె మాత్రం తన పని తను చేస్తూనే ఉంది. ఫైబరు వైపు పలకరించేది, జవాబు లేదు. 4జీ వైపు పలకరించేది, జవాబు లేదు. మళ్ళీ ఫైబరు.

మాటలకి ఫోన్ పనిచేస్తోంది కనక వదిన మేనేజరుగారికి చేసింది. యానాంలో గది చూస్తాననీ, లాకర్లు, తలుపులు అన్నీ నిబంధనల ప్రకారం పెట్టిస్తాననీ, అక్కడి లైను నంబరు రాసుకోమనీ బతిమాలింది.

"మీరు ఇంత శ్రమ పడొద్దు మేడమ్. ముందు మీరూ మీ అమ్మాయిలూ క్షేమంగా ఉండండి. ఫైళ్ళ గురించి అస్సలు కంగారు పడకండి. అవి మేం చూసుకుంటాం."

ఆ మాటకి వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అమ్మాయిలు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పింది. "అంత పెద్ద కంపెనీ అయ్యుండి మన ప్రాణాల గురించి అడిగారే! పని మనకోసం ఆగే ఉంటుంది, ధైర్యంగా ఉండండి" అంది. జీతాలు కోత పెట్టనని కూడా మాటిచ్చింది. ఆ నెల జీతాలకి అన్నయ్య బంగారం మీద లోను తెచ్చాడు.

జూన్‌లో ఒక పొద్దున సిగ్నలు తిరిగొచ్చింది. పెట్టె మీద రెండో దీపం వెలిగింది. పికెట్లు తగ్గడంతో అదే రోజు కేబుల్ కుర్రాళ్ళు వచ్చి, కాలిన ముక్క తీసేసి కొత్త ముక్క అతికారు. ఐదు నిమిషాలు పోయాక పెట్టె చెప్పినట్టే మొదటి లైను మీదికి తిరిగొచ్చింది. అమ్మాయిలు అప్పటికే వచ్చేశారు. ఫోన్లు లాకర్లో పెట్టి, ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని, పాస్‌వర్డులు కొట్టారు. లోపలికి వెళ్ళింది. తెర మీద ఫైళ్ళు లేవు.

వదిన బయటికొచ్చి మేనేజరుగారికి ఫోన్ చేసింది.

"అన్నీ బాగయ్యాయండీ. అందరూ కూర్చున్నారు. ఆగిపోయిన ఫైళ్ళన్నీ ఒకేసారి పంపినా పర్లేదు, ఆదివారాలు కూడా చేసి ఇచ్చేస్తాం."

"ఆగినవేం లేవు మేడమ్. ఇరవై నాలుగు రాత్రే అన్నీ కాకినాడ టీముకి మళ్ళిపోయాయి."

"కాకినాడా? మా పని వాళ్ళకి తెలీదు కదండీ!"

"తెలుసు మేడమ్. సంక్రాంతి నుంచి రోజూ పదోవంతు వాళ్ళకే పంపుతున్నాం."

వదిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, లోపల అమ్మాయిలకి వినపడకుండా, అడిగింది.

"మరి ఇప్పుడు మా లైను బాగయింది కదండీ?"

"సంతోషం మేడమ్. కానీ అక్కడ స్టెడీగా నడుస్తోంది. వెనక్కి మార్చొద్దని పైవాళ్ళు చెప్పారు."